సాంచాలు ఆగిన పూట

సంధ్యారాణి గడప బయట, సత్యవ్వ గడప లోపల. పోయిన వారం వాళ్లిద్దరినీ అక్కడే వదిలిపెట్టాం. సంధ్యారాణి ఆ వాడ ఆశ కార్యకర్త. ఆమె భుజాన వేలాడే సంచిలో పసిపిల్లలను తూచే కాంటా ఉంది. సత్యవ్వ ఎనిమిది సాంచాల, అంటే మరమగ్గాల, ఆసామి. భర్త కిష్టయ్య పోయాక ఆరేళ్లుగా ముందరి మరమగ్గాల షెడ్డునూ వెనకాల ఇంటినీ ఒంటి చేత్తో నడుపుతున్న మనిషి. కోడలు రజిత పదిహేడు రోజుల బాలింత. ఆమెది కోరుట్ల. పురుడు పోయడానికి తల్లి లేదు. వదిన సంగీత వచ్చి తీసుకుపోతానంటే సత్యవ్వే పంపలేదు. కొడుకు ధనుంజయ్ ఆ పొద్దున బట్ట తాన్లు బండికెత్తుకొని జగిత్యాల పోయాడు.

"ఇరవై ఒకటో దినం ఎల్లేదాక పిల్లను కాంటకెక్కియ్యద్దు. తూకమేసిన పిల్ల ఎదుగది. మా అత్త చెప్పింది, నేను చెప్తున్న," అని సత్యవ్వ తన ఆఖరి మాట చెప్పేసింది. బేరంలో ఆఖరి మాట చెప్పాక ఆమె దాన్ని మార్చిన దాఖలా సిరిసిల్లలో లేదు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. లైను పని ఉందని ముందు రోజే చెప్పారు, పది నుంచి ఒంటిగంట దాకా. ఎనిమిది సాంచాలు ఒకదాని వెనక ఒకటి నిలబడిపోయాయి. ఆ ఇంట్లో పగలు నిశ్శబ్దమంటే అలవాటు లేని చుట్టం వచ్చినట్టే. పనివాళ్లు చాయ్ తాగడానికి బయటికి నడిచారు. చప్పుడులో గట్టిగా అరవడం అలవాటైన సత్యవ్వకు తన గొంతే కొత్తగా వినబడింది.

"పోయిరా బిడ్డా. ఇరవై రెండో నాడు రా. నేనే పిలిచి తూపిస్త."

సంధ్యారాణి కదల్లేదు. తల వంచి ఏదో వింటోంది.

"ఇంట్ల పిల్లి ఈనిందా పెద్దమ్మా?"

సత్యవ్వకూ వినబడింది. సన్నగా, గీరినట్టు, మధ్యమధ్య తెగిపోతూ. నూలు బస్తాల వెనక పిల్లికూన చిక్కుకుందేమోనని ఆమె షెడ్డు మూలకు రెండడుగులు వేసింది. నూలు మీద పిల్లి పడితే ఎంత నష్టమో ఆమెకు తెలుసు.

"అటు గాదు," అంది ఎవరో.

లోపలి తలుపు దగ్గర రజిత నిలబడి ఉంది. చెవులకు కట్టిన గుడ్డ జారి మెడ మీద పడింది. గోడను పట్టుకుంది.

"పిల్లి గాదక్కా. నా బిడ్డ. నాలుగు దినాల సంది గట్లనే ఏడుస్తున్నది. సాంచాల చప్పుట్ల మీకు ఇనవడ్తలే."

సత్యవ్వ అక్కడే ఆగిపోయింది. ఈ పదిహేడు రోజుల్లో ఆమె వాడంతా చెప్పుకున్న గొప్ప ఒక్కటే: మా మనుమరాలు నోరెత్తది, సాంచాల చప్పుడే దానికి జోలపాట. ఆసామి ఇంట పుట్టిన పిల్ల అనిపించుకుంది, అని నవ్వేది. సంధ్యారాణి ఆమె పక్క నుంచి గడప దాటి లోపలికి వెళ్లింది. సత్యవ్వ అడ్డు చెప్పడం మరిచిపోయింది.

గదిలో వాము పొగ వాసన ఇంకా ఉంది. నులకమంచం మీద, సాంచం నుంచి కోసిన తెల్లటి కాటన్ ముక్కలో పిల్ల. సంధ్యారాణి చేతులు కడుక్కొని వచ్చి గుడ్డ విప్పింది. తొడ మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. పట్టిన ముడత పట్టినట్టే నిలిచింది. నడినెత్తిన మాడు లోపలికి దిగి ఉంది. పెదవులు ఎండిపోయాయి. ఆ పిల్లికూన ఏడుపు కూడా అప్పటికి ఆగిపోయింది.

"ఉచ్చ ఎన్నిసార్లు పోసింది?"

"నిన్న మూడు గుడ్డలు. ఇయ్యాల పొద్దుగాల్ల ఒక్కటి," అంది సత్యవ్వ వెంటనే. లెక్క అడిగితే ఆమె నోట ఆలస్యం ఉండదు. పిల్లకు నీళ్లు పోసే ముసలి సాయవ్వ గుడ్డలుతికి దండెం మీద ఆరేస్తే, పొద్దున్నే వాటిని లెక్కపెట్టడం సత్యవ్వకు అలవాటు. మొదట్లో ఏడెనిమిది ఉండేవి. తగ్గుతుంటే ఆమె సంతోషించింది. సాయవ్వకు చాకిరి తగ్గిందనుకుంది. తగ్గింది చాకిరి కాదని ఇప్పుడు, చెప్పిన మాట తన చెవినే పడ్డాక, తట్టింది.

సంధ్యారాణి కాంటా తీయలేదు.

"నేను కాంటకెక్కియ్య, సరేనా. నువ్వే ఎత్తుకో పెద్దమ్మా. నీ చేతులు చెప్పినంత నిజం కాంటా చెప్పదని నూలు సేట్లే అంటరు. ఎత్తుకొని చెప్పు."

సత్యవ్వ ఒక్క అడుగు వెనక్కి వేసింది. పురుడు నడుస్తోంది. రోజూ పొద్దున సాంచాల దగ్గర దీపం పెట్టేది తనే కాబట్టి శుద్ధి అయ్యేదాకా తల్లినీ పిల్లనూ తాకనని నియమం పెట్టుకుంది. పుట్టిన రోజు ఆసుపత్రిలో ఎత్తుకుంది, అంతే. పిల్ల బరువు తగ్గుతోందని నీళ్లు పోసే సాయవ్వకు తెలియకుండా ఉండదు. కానీ పసిపిల్ల చిక్కిందని నోటితో అంటే దిష్టి అని ముసలివాళ్లు అనరు.

"దీపం రేపు నీ మనుమరాలి కోసం ఎవలన్న పెడ్తరులే," అంది సంధ్యారాణి. "ఎత్తుకో."

ఎత్తుకుంది.

సత్యవ్వ చేతుల గురించి ఒక మాట చెప్పాలి. నూలు కోను ఒకటి చేతిలోకి తీసుకుంటే యాభై గ్రాముల తరుగు పసిగట్టే చేతులు అవి. పాతికేళ్ల కింద ఒక సేటు పంపిన బస్తాను ఎత్తకుండానే, కోను ఒక్కటి తీసి చూసి వెనక్కి పంపింది. ఆ బస్తాలో కిలోన్నర తక్కువొచ్చింది. తర్వాత ఎవ్వరూ ఆ ఇంటికి తరుగు సరుకు పంపలేదు. చేతులు అబద్ధం చెప్పవనీ, నోరే చెబుతుందనీ ఆమె పనివాళ్లతో అనేది.

పిల్ల ఆమె రెండు అరచేతుల్లో ఉంది. పుట్టిన నాటి బరువు ఆ చేతులకు గుర్తుంది. 

"చెప్పు పెద్దమ్మా."

"రెండు కిలోలు," అంది సత్యవ్వ. కొంచెం ఆగి, "మీద యాభై," అంది.

సత్యవ్వ తనే పిల్లను అందించింది. సంధ్యారాణి అప్పుడు కాంటా తీసి, పిల్లను గుడ్డ ఊయలలో వేసి పైకెత్తింది. ముల్లు రెండు కిలోల యాభై దగ్గర నిలిచింది.

"పుట్టిన్నాడు రెండు ఏడువందలు. ఏడోనాడు నువ్వు ఇంట్ల లేనప్పుడు నేను తూస్తె రెండున్నర. మొదటి వారం కొంచెం తగ్గుడు అందరు పిల్లలకు ఉంటది, పది పదిహేను దినాలల్ల మళ్ల పుట్టిన తూకానికి ఎక్కుతరు. ఈమె ఎక్కలే. దిగింది."

మూలకు తోసిన పిల్లి కూడా పంజా విసురుతుంది. సత్యవ్వ ఎదురు అడిగింది. "మరి పద్నాలుగో దినం నువ్వొచ్చినవు గదా. కార్డు మీద రాసుకొని పోయినవు. ఏం రాసినవు?"

సంధ్యారాణి కాంటా మడుస్తున్న చేయి ఆగింది. "రెండు ఏడువందలు రాసిన."

"తూసినవా?"

"తూయలే. పిల్లను చూడను గూడ చూడలే. పండుకున్నది, లేపద్దని నువ్వంటివి. ఇంక ఆరిండ్లు తిరిగేదుండె. గడప కాడ నిలవడే రాసుకున్న." ఆమె సత్యవ్వ కళ్లలోకే చూసింది. "నా తప్పు నేను చెప్పుకున్న. ఇగ నీది చెప్పు. పాలు ఎన్నిసార్లు ఇప్పిస్తున్నవు?"

 రజిత చెప్పింది, అత్త వైపు చూడకుండా.

"నాలుగు సార్లక్కా. పొద్దుగాల్ల షిఫ్టు ఎక్కినప్పుడు, పన్నెండుకు, ఆరింటికి, రాత్రి షిఫ్టు మారినప్పుడు. నడుమల ఏడిస్తే చక్కెర నీళ్లు."

"గట్లెవలు చెప్పిన్రు?"

"నేనే చెప్పిన," అంది సత్యవ్వ.

ఆమె లెక్క ఆమెకు ఉంది. ఐదో రోజు రజిత వచ్చి పాలు చాలడం లేదంది. సత్యవ్వ ఆలోచించింది. వచ్చిన సరుకును వచ్చినట్టే చిల్లరగా అమ్ముకునే వాడి గోదాం ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. నాలుగు రోజులు ఆపి, నిల్వ చేసి ఇచ్చినవాడే నిలబడతాడు. పాలు మాత్రం ఎందుకు వేరేగా ఉంటాయి? గంటగంటకూ చీకిస్తే రొమ్ములో నిలిచేదెక్కడ? ఆరేడు గంటలు ఆపి, నిండాక కడుపారా ఇస్తే పిల్ల తాగుతుంది, తల్లి నడుముకు విశ్రాంతి ఉంటుంది. చెడ్డబుద్ధితో కట్టిన లెక్క కాదది. ఆ లెక్కతోనే ఆమె ఎనిమిది సాంచాలు నిలబెట్టింది. అదంతా ఆమె సంధ్యారాణికి రెండు మాటల్లో చెప్పింది.

సంధ్యారాణి నవ్వలేదు, తిట్టలేదు. "గోదాంల సరుకు గాదు పెద్దమ్మా పాలు. సాంచం మీది బట్ట. నడిపినంతసేపే వస్తది. ఆపి పెడితే నిండుతదనుకున్నవు. ఆపిన సాంచం మీద బట్ట పెరుగుతదా? పిల్ల గుంజితేనే, ఇంక గావాలెనని రొమ్ముకు తెలుస్తది. నిండి ఆగిందనుకో, చాలు తియ్యి అని అదే తగ్గిచ్చుకుంటది. రాత్రి పగలు కలిపి పదిసార్లు, పన్నెండుసార్లు పట్టాలె. నువ్వు నాలుగు సార్లకు తెచ్చినవు. రొమ్ము గూడ నాలుగు సార్లకే తయారయింది."

సత్యవ్వకు ఆ మాట పూర్తిగా అర్థమైంది. వ్యాపారికి అర్థం కాని లెక్క కాదది. 

సంధ్యారాణి రజితను మంచం మీద కూర్చోబెట్టి జాకెట్టు విప్పించింది. చనుమొనలు రెండూ పగిలి, ఒకదాని మీద నెత్తురు ఎండి ఉంది.

"ఇంత నొప్పితోని ఎట్ల ఇస్తున్నవే?"

"పండ్లు బిగవట్టుకొని ఇస్తున్నక్కా. గందుకే నాలుగే సార్లంటే నాకు గూడ పానం కుదుటవడ్డది," అంది రజిత. ఆ మాట అనడానికి ఆమెకు చాలా కష్టమైంది. "అత్తమ్మ ఒక్కలదే గాదు తప్పు."

"నీది గాదు. కొస ఒక్కటే నోట్లె పెడితే పగుల్తది. చుట్టూ నల్లగున్నదంత నోట్లెకు పోవాలె. నోరు పెద్దగ తెరిచేదాక ఆగాలె, గదువ రొమ్ముకు ఆనాలె. నీకు ఎవలు చూపెట్టలే. ఏడోనాడు నేను చూడాల్సింది." ఆమె పిల్ల పెదవిని చనుమొనతో తాకించింది. ఒకసారి, రెండుసార్లు. పిల్ల నోరు తెరవలేదు. "గుంజే సత్తువ లేదు. పిండుదాం. ఉగ్గుగిన్నె ఉన్నదా?"

సత్యవ్వ పరుగెత్తి తెచ్చింది. సంధ్యారాణి రొమ్ము మీద వెచ్చటి గుడ్డ వేయించి, బొటనవేలూ చూపుడువేలూ ఎక్కడ పెట్టాలో, ముందుకు లాగకుండా వెనక్కి నొక్కి ఎలా పిండాలో చూపించింది. గిన్నె అడుగు తడవడానికి పది నిమిషాలు పట్టింది. ఆ నాలుగు చుక్కలూ పిల్ల పెదవి మీద వంచితే రెండు గుటకలు వేసింది. మళ్లీ కళ్లు మూసింది.

"ఏడ్వకపాయె గదా," అంది సత్యవ్వ. ఎవరితోనూ కాదు. "ఆకలైతే ఏడ్వాలె గదా పిల్లలు."

"సత్తువున్న పిల్ల ఏడుస్తది. లేని పిల్ల నిద్రపోతది. చూసెటోళ్లు బుద్ధిమంతురాలు అనుకుంటరు. నూటెనిమిదికి ఫోన్ చేస్తున్న. తువ్వాల తియ్యి పెద్దమ్మా, పిల్లను తల్లి ఎదకు ఆనిచ్చి కట్టాలె. తోవల చల్లవడద్దు."

సత్యవ్వ తువ్వాలు తీయడానికి బీరువా తెరిచి, తెరిచిన తలుపు పట్టుకొని నిలబడింది.

ముప్ఫై నాలుగేళ్ల కింద ఇదే ఇంట్లో ఆమెకు మొదటి కాన్పు. మగపిల్లాడు. అప్పుడు చేతి మగ్గాలు తీసేసి రెండు సాంచాలు కొత్తగా బిగించారు. ఆమె పదో రోజునే నూలు కండెలు చుట్టడానికి కూర్చుంది. పని మధ్య లేవొద్దని అత్త పూటకొకసారి పిల్లాడిని తెచ్చి ఒళ్లో వేసేది. ఎంత బుద్ధిమంతుడంటే, ఒక్కనాడు గొంతెత్తి ఏడవలేదు. పందొమ్మిదో రోజు పోయాడు. దేవుడి బిడ్డ, అందుకే అంత శాంతంగా ఉన్నాడు, దేవుడే తీసుకుపోయాడు అన్నారు. సత్యవ్వ ఆ మాటను ముప్ఫై నాలుగేళ్లు ఆస్తిలా దాచుకుంది. దుఃఖం వచ్చినప్పుడల్లా తీసి చూసుకొని మళ్లీ దాచుకునేది. ఇప్పుడు ఆ మూటను ఈ గదిలో సంధ్యారాణి విప్పేసింది. లోపల ఏముందో సత్యవ్వ చూసింది.

"పెద్దమ్మా, తువ్వాల."

"ఎంత తగ్గితే పోతరు?" అంది సత్యవ్వ, తిరగకుండానే.

"ఏంది?"

"పుట్టిన తూకంల ఎంత తగ్గితే పోతరు పిల్లలు?"

 రజిత పిల్ల తలను అరచేత్తో కప్పింది, ఆ మాట దాని చెవిన పడకూడదన్నట్టు.

*

సిరిసిల్ల పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డుకు అద్దాల తలుపు ఉంది. లోపలికి తల్లి ఒక్కతినే పోనిస్తారు. సంధ్యారాణి కార్డు మీద తను రాసిన రెండు ఏడువందలు కొట్టేసి, ఎందుకు కొట్టేసిందో డాక్టరుకు చెప్పి, అడిగిన చోట సంతకం పెట్టి వెళ్లింది. సత్యవ్వ బయట బల్ల మీద కూర్చుంది.

డాక్టరు అలేఖ్య చిన్నపిల్లలా ఉంటుంది కానీ మాట తూచి మాట్లాడుతుంది. వార్డు తలుపు దగ్గర రజితకు, సత్యవ్వకు ఇద్దరికీ కలిపి చెప్పింది. పిల్ల ఒంట్లో నీళ్లు ఇంకిపోయి రక్తంలో ఉప్పు మిగిలింది. ఆ ఉప్పును దించాలి, కానీ మెల్లగా దించాలి. తొందరపడితే మెదడు వాస్తుంది, ఫిట్స్ వస్తాయి. రెండు రోజులు గడిస్తే కానీ ఏ మాటా చెప్పలేను. రజిత చేయాల్సింది ఒక్కటే, రెండు గంటలకోసారి పాలు పిండడం.

"రాకుంటే?" అంది రజిత.

"రాకున్నా పిండాలి. మొదలు చుక్కలే వస్తాయి. ఆపొద్దు. ఇక్కడి సిస్టర్ పక్కన కూర్చుంటుంది."

మధ్యాహ్నం మూడింటికి ధనుంజయ్ జగిత్యాల నుంచి నేరుగా వచ్చాడు. చొక్కా మీద బట్టల దుమ్ము ఇంకా ఉంది. తల్లిని ఏమైందని అడిగాడు. సత్యవ్వ, "పాలు సాలలేదు," అంది.  నాలుగు రోజుల కింద రజిత ఇదే మాట అంటే, అమ్మకు తెల్వదా, నేను పుట్టి పెరగలేదా అన్నాడట ధనుంజయ్. అది గుర్తొచ్చి కాబోలు గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

కాసేపటికి అలేఖ్య కేసు కాగితాలు పట్టుకొని బయటికి వచ్చింది.

"తండ్రి మీరేనా? ఒక్క సంగతి తెలియాలి. మీ ఇంట్లో ఇంతకుముందు నెల లోపు పిల్లలు ఎవరైనా పోయారా? పోయి ఉంటే ఇది పుట్టుకతో వచ్చిన రోగమేమో చూడాలి. అసలే పిల్ల ఒంట్లో రక్తం తక్కువ. ఆ పరీక్షలకని ఇంకా తీసి హైదరాబాద్ పంపాలి, ఆ రిపోర్టు వచ్చేదాకా తల్లిపాలు పట్టాలా వద్దా అని కూడా ఆలోచించాలి. ఎవరూ లేకుంటే ఆ దారి మూసేస్తాను."

"మా అన్న ఒకడు మేడం. నేను పుట్టకముందు. దేవుని బిడ్డ అని చెప్తరు," అన్నాడు ధనుంజయ్. "ఏం రోగమో మాకు తెల్వది."

అలేఖ్య కలం తీసింది. తెలియని రోగం అని రాయబోతోంది.

సత్యవ్వ ఆ కలాన్ని చూసింది. ఊరుకుంటే ఆమె మాట ఆమెకు మిగులుతుంది. పిల్లాడు దేవుడి బిడ్డగానే ఉండిపోతాడు. కానీ ఈ పిల్ల రక్తం సూదులకు పోతుంది, వచ్చే నాలుగు చుక్కల పాలు కూడా ఆగిపోతాయేమో. రెండింట్లో ఒకటే మిగులుతుంది. అలాంటి బేరాలు ఆమె చాలా చూసింది, కానీ ఏదీ ఇంత ఖరీదు చేయలేదు.

"రాయకు బిడ్డా," అంది. లేచి నిలబడింది. "రోగం గాదు. ఒక్కడు గాదు, ఇద్దరు. ధనుంజయ్ ఎనకాల ఒక పిల్ల. ఇద్దరికి పాలు తక్కువిచ్చిన. మొదటోని కాడ మా అత్త చెప్తే ఇన్న. పిల్ల కాడ ఎవ్వలు చెప్పలే, నా లెక్కే. రోగం ఏం లేదు. పాలు పట్టు. ఆపకు."

ధనుంజయ్ తల్లి వైపు తిరిగాడు. "పిల్లా? ఏ పిల్లనే అమ్మా?"

అద్దాల తలుపు తెరుచుకొని ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఎవరూ చూడలేదు. రజిత స్టీలు గిన్నె రెండు చేతులా పట్టుకొని నిలబడి ఉంది. మూడోసారి పిండిన పాలు, గిన్నెలో పావు వంతు కూడా లేవు. వెనక నిలబడ్డ సిస్టర్ చేతికి ముందు ఆ గిన్నె జాగ్రత్తగా అందించింది. ఆ తర్వాతే మాట్లాడింది, మెల్లగా.

"ఇద్దరు పోయినంక గూడ నాకు గదే లెక్క చెప్పినవా అత్తమ్మా?"



"సంగీత వదినకు ఫోన్ చెయ్యి," అంది రజిత భర్తతో. "రేపు పొద్దుగాల్ల వరకు కోరుట్ల నుంచి రమ్మను. నా బిడ్డ బతికితే నేను కోరుట్లకు పోత. మళ్ల రాను." అత్త వైపు తిరిగింది. "బతకకుంటే మాత్రం నేను యాడికి పోను. ఇంటికే వస్త. దినాం నీ కండ్ల ముంగటనే ఉంట."

రెండు మాటల్లో ఏది తనకు లాభమో సత్యవ్వ వెతకలేదు. పో బిడ్డా, పిల్లను తీసుకొని పో, మళ్లీ రాకు అని మనసులోనే అనుకుంది. కోడలు వినేలా అనడానికి మాత్రం నోరు రాలేదు.

అంతలో లోపలి నుంచి ఒక నర్సు చీటీ తెచ్చి అలేఖ్యకు ఇచ్చింది. పిల్ల ఒంట్లో ఉప్పు దిగిందో లేదో చెప్పే రక్తం రిపోర్టు. డాక్టరు దాన్ని నిలబడే చదివింది, మొదటి నుంచి మరోసారి చదివింది. రజిత ఆమె ముఖాన్నే చూస్తోంది.

"అమ్మా, మీరు ఇక్కడే కూర్చోండి," అంది అలేఖ్య రజితతో. "తండ్రి ఒక్కరే లోపలికి రండి."